లైను చివర

"సాయిప్రియ నిన్న ఒక్కరోజులో బిల్లింగ్ మొత్తం తిరగరాసేసింది, తెలుసా?" అన్నాడు ఆసిఫ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

సుల్తానా వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. రేపల్లెలో రొయ్యలు గుమ్మంలోకే వస్తాయి, ఒలిచేవాళ్ళు మాత్రం గుమ్మంలోకి రారు. తల తుంచి, పెంకు తీసి, వీపు మీద నల్ల నరం లాగి నీళ్ళలో వేస్తూ ఆమె తలెత్తకుండానే, "అవునా, మంచిదేగా," అంది. ఆ మంచిదేగా అన్న మాటలో మంచి ఎంతుందో చేతిలో ఉన్న రొయ్యకే తెలియాలి. దాని తల అవసరానికి మించి గట్టిగా తెగింది.

బిల్లింగ్‌ని ఒక్కరోజులో ఎవరూ తిరగరాయలేరు. ఆ సంగతి సుల్తానాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే దాన్ని రాసింది ఆమె. తెనాలిలో నాగమల్లేశ్వరరావుగారు పెట్టిన చిన్న కంపెనీ అది. చుట్టుపక్కల ఊళ్ళ బట్టల దుకాణాలకి బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. మీటరు గుడ్డకీ, జాకెట్టు ముక్కకీ, డజను తువ్వాళ్ళకీ ఒకే బిల్లులో లెక్క కుదిరేలా చేయాలంటే గుడ్డ ఎలా అమ్ముతారో తెలిసి ఉండాలి. చీరాలలో బట్టల కొట్టు నడిపిన నబీ సాహెబ్ కూతురు కాబట్టి సుల్తానాకి అది తెలుసు. మీటరు కొలిచాక నబీ సాహెబ్ నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలి కత్తెర వేసేవాడు. ఆ నాలుగు వేళ్ళు స్టాకులోంచి తగ్గాలి, బిల్లులోకి ఎక్కకూడదు. దానికి ఇంగ్లీషు పేరు తోచక కోడ్‌లో కూడా 'కొసరు' అనే పేరు పెట్టింది ఆమె. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది.

పాప ఆసియా పుట్టాక సుల్తానా ఇంటి నుంచే పని చేస్తోంది. చేస్తోంది అంటే, పొయ్యికీ లాప్‌టాప్‌కీ మధ్య తిరుగుతోంది. ఆసిఫ్ మాత్రం రోజూ రైల్లో తెనాలి వెళ్ళి వస్తాడు. ఆఫీసులో రావుగారి తర్వాత అతనే పెద్ద. ఇంట్లో అతను పెద్దగా అధికారం చేయడు, గొంతు పెంచడు, చెయ్యెత్తడు. అతనికి ఉన్నదల్లా ఒక్క మాట. మనం. మనం టీ తాగుదామా అంటే సుల్తానా లేచి టీ పెట్టాలి. మనం ఈ ఆదివారం అందరినీ పిలుద్దాం అంటే అందరూ కూర్చుంటారు, ఆమె నిలబడుతుంది. పెళ్ళైన కొత్తలో ఆ మాట వింటే సుల్తానాకి ఒళ్ళు పులకరించేది. తనని కలుపుకునే మాట్లాడతాడని చెల్లెళ్ళకి గొప్పగా చెప్పుకుంది కూడా.

సాయిప్రియ వచ్చింది మొన్న వేసవిలో. బాపట్ల అమ్మాయి, అక్కడే ఇంజనీరింగ్ చదివింది. రోజూ పొద్దున రైల్లో తెనాలి వచ్చి సాయంత్రం వెళ్ళిపోతుంది. ఆ అమ్మాయి గురించి సుల్తానాకి తెలిసిందంతా ఆసిఫ్ నోటి నుంచే. సాయిప్రియ పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసుకొస్తుందట. "మనం కూడా వేసుకోవచ్చుగా," అన్నాడు ఒకరోజు. మర్నాటి నుంచి దానిమ్మకాయ ఒలిచే పని ఒకటి కొత్తగా వచ్చి చేరింది. సాయిప్రియ మీటింగులో భయపడకుండా మాట్లాడుతుందట. సాయిప్రియకి ఒకసారి చెబితే చాలట. ఈ అటలన్నీ విని విని సుల్తానా ఒకనాడు ఆ అమ్మాయి వాట్సాప్ ఫోటో తెరిచింది. సూర్యలంక సముద్రం ముందు, గాలికి చున్నీ ఎగురుతుంటే, నవ్వుతూ నిలబడి ఉంది. వేళ్ళతో సాగదీసి పెద్దది చేసి చూసింది సుల్తానా. కళ్ళ కింద నలుపు లేదు. చేతికి మసాలా మరక లేదు. నిద్ర చాలినట్టున్న మొహం.

అసూయే అది. అంతకన్నా మర్యాదైన పేరు దానికి లేదు. పోనీ మొగుణ్ణి లాక్కుపోతుందన్న భయమా అంటే అది కాదు. ఆసిఫ్‌ని లాక్కుపోయే మనిషి రొయ్యలు ఒలవడం కూడా నేర్చుకోవాలి, ఆ సంగతి తెలిశాక ఎవరూ లాక్కుపోరు. సుల్తానా కుళ్ళంతా వేరే. ఆ అమ్మాయి పొద్దున ఒక సంచీ భుజాన వేసుకుని రైలెక్కుతుంది, కిటికీ పక్కన కూర్చుంటుంది, ఆఫీసుకి వెళ్తుంది, చేసిన పనికి పేరు పెట్టి పిలిపించుకుంటుంది. సుల్తానా చేసిన పనికి ఏ పేరూ ఉండదు. శుక్రవారం బిర్యానీకి ఉల్లిపాయలు వేయించడం దగ్గర్నుంచి దమ్ పెట్టడం దాకా ఆమె చెయ్యే. తీరా అందరూ కూర్చున్నాక బిస్మిల్లా చెప్పి మూత తీసేది అత్తగారు రహీమున్నీసా. ఆ ఇంట్లో మూత తీసినవాళ్ళదే వంట. చుట్టాలు లొట్టలేసి రహీమున్నీసా చేతి మహిమ అంటారు, ఆవిడ కాదనదు. ఉప్పెక్కువైననాడు మాత్రం సుల్తానా పేరు అందరికీ గుర్తొస్తుంది.

ఆసిఫ్ వెళ్ళాక, పాపని బడికి పంపించి, రొయ్యలు పొయ్యి మీద పెట్టి, సుల్తానా లాప్‌టాప్ తెరిచింది. వాళ్ళ కోడ్ అంతా గిట్‌లో ఉంటుంది. అందరూ రాసిందంతా ఒకచోట దాచి, ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో గుర్తుపెట్టుకునే ఏర్పాటు అది. ఏ లైను ఎవరిదో చూపించమంటే ప్రతి లైను పక్కనా దాన్ని ఆఖరున ముట్టుకున్న మనిషి పేరు వేసి చూపిస్తుంది. ఆ ఆజ్ఞ పేరు బ్లేమ్. నింద అని అర్థం. ఎవరు పెట్టారో గాని సంసారం చేసిన ఆడదై ఉంటుందని సుల్తానాకి ఎప్పుడూ అనిపిస్తుంది. ఇంతకుముందు ఆఫీసులో ఎవరూ ఆ పేర్ల వైపు చూసేవాళ్ళు కాదు. ఈమధ్యే రావుగారికి ఎవరో స్నేహితుడు చెప్పాడు, ఎవరెంత పని చేస్తున్నారో అందులో తెలుస్తుందని. అప్పటి నుంచి ఆయన ఆ పేర్లే చూస్తున్నాడు. చీరాల దుకాణాల కోసం కొత్తగా మొదలుపెట్టే పనికి ఒకరిని ముందుండి నడిపే లీడ్‌గా పెట్టబోతున్నాడు. ఆ పని తనకివ్వమని సుల్తానా ఫోన్ చేసి నోరు విడిచి అడిగింది. ఆమె జీవితంలో నోరు విడిచి అడిగిన మొదటి సంగతి అదే. పేర్లు చూసి చెబుతానమ్మా అన్నాడాయన.

బిల్లింగ్ ఫైలు తెరిచి పేర్లు చూపించమంది. సాయిప్రియ, సాయిప్రియ, సాయిప్రియ. ఎంత కిందికి వెళ్ళినా అదే పేరు. కొసరు ఉన్న లైను పక్కన కూడా సాయిప్రియ.

తన తండ్రి వేళ్ళ కొలత పక్కన ఆ అమ్మాయి పేరేంటి? ఏం మార్చిందో చూద్దామని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివింది. చిల్లర సరిచేసే చోట ఒక్క లైను మారింది. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అయినా అన్నీ మారాయనే చెబుతోంది గిట్. అప్పుడర్థమైంది ఆమెకి. ఎంటర్ నొక్కినప్పుడు లైను ఆగిన చోట కంటికి కనిపించని గుర్తు పడుతుంది. కొన్ని కంప్యూటర్లు ఒక గుర్తు పెడతాయి, విండోస్‌వి రెండు పెడతాయి. ఆఫీసులో అందరివీ ఒక రకం, సాయిప్రియకి ఈమధ్యే మార్చి ఇచ్చింది మాత్రం విండోస్ లాప్‌టాప్. ఆ అమ్మాయి ఒక్క లైను దిద్ది సేవ్ చేసేసరికి ప్రతి లైను చివరా రెండో గుర్తు వచ్చి కూర్చుంది. మనిషి కంటికి అదే లైను, గిట్ కంటికి కొత్త లైను. కొత్త లైనుకి కొత్త పేరు.

ఇలాంటిది జరగకూడదనే గిట్‌లో కోడ్ పెట్టే మొదట్లోనే ఒక నియమం రాసి పెట్టుకుంటారు. ఎవరు ఏ కంప్యూటర్ మీద రాసినా సరే, లోపలికి వచ్చేసరికి లైను చివర ఒకే గుర్తు ఉండాలని చెప్పే నాలుగు ముక్కలు. పెడదామని సుల్తానా అప్పట్లోనే అంది. కనిపించని దానికోసం ఎవరు కూర్చుంటారే అన్నాడు ఆసిఫ్. ఇంట్లో కనిపించని పనులన్నీ ఎవరు కూర్చుని చేస్తున్నారో ఆమె అతనికి చెప్పలేదు. ఆలోచనలో ఉండగానే రొయ్యలు అడుగంటాయి. అత్తగారు ముందుగది నుంచే వాసన పట్టి, "ఆ పెట్టె ముందు కూర్చుంటే ఇంక కొంపలో ఏం జరుగుతున్నా పట్టదు," అంది.

సాయంత్రం ఆసిఫ్ వచ్చాక సంగతంతా చెప్పింది. వాళ్ళింట్లో మామూలు మాటలు ఉర్దూలో, పోట్లాట తెలుగులో. సుల్తానా తెలుగులోనే మొదలుపెట్టింది. అతను ఫోన్‌లోంచి తలెత్తకుండా విని, "ఎవరి పేరుంటే ఏంటే, పని మనదేగా," అన్నాడు. పాపం ఎండలో రైలెక్కి వచ్చే పిల్ల, రెండు మంచి మాటలు అంటే నీకెందుకు అంత ఉడుకు అని కూడా అన్నాడు. లీడ్ పనైతే రోజూ తెనాలి రావాలి, ఇల్లేం చేస్తావు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అతని గొంతులో కోపం లేదు. అదే సుల్తానాకి ఒళ్ళు మండే విషయం, కోపం తెచ్చుకునే పని కూడా ఆమెకే వదిలేస్తాడు.

తర్వాత రెండు రోజుల్లో ఆఫీసులో పని ఎక్కడికక్కడ ఇరుక్కుపోయింది. ఎవరు ఏ ఫైలు పంపినా ప్రతి లైను దగ్గరా గొడవే. ఒకరి చివర ఒక గుర్తు, ఇంకొకరి చివర రెండు. చివరికి రావుగారే సుల్తానాకి ఫోన్ చేశాడు. "శుక్రవారం ఒక్కసారి తెనాలి రామ్మా. ఇల్లు సర్దినట్టు సర్దిపెట్టు. నీ చెయ్యి పడితే గాని కుదురుకోదు." కొత్త పని మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు ఆయనకి గుర్తురాని చెయ్యి సర్దాల్సి వచ్చేసరికి గుర్తొచ్చింది. వస్తానండి అంది సుల్తానా.

శుక్రవారం తెల్లారకముందే లేచి బిర్యానీ దమ్ పెట్టింది. మూత చుట్టూ పిండి అంటించి, "అత్తమ్మా, మధ్యాహ్నం మూత మీరే తియ్యండి," అని చెప్పింది. "ఎప్పుడూ నేనేగా తీసేది," అంది రహీమున్నీసా, మాటలో పుల్లవిరుపు ఉందేమోనని కోడలి మొహంలోకి చూస్తూ. రైల్లో ఆసిఫ్ పక్కన కూర్చుంది సుల్తానా. భట్టిప్రోలు దాటగానే అతను నిద్రపోయాడు. పొలాల మీది గాలి కిటికీలోంచి మొహానికి కొడుతుంటే, రోజూ ఈ గాలి తింటుంది కాబోలు ఆ పిల్ల అనుకుంది. గాలికి కూడా కుళ్ళుకునే స్థితికి వచ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది.

చెప్పుల దుకాణం పైన మేడ మీద ఆఫీసు. సాయిప్రియ లేచి నిలబడి, "రండక్కా, మీ గురించి ఎంత విన్నానో," అంది. ఫోటోలో కన్నా చిన్నగా, సన్నగా ఉంది. సుల్తానా ముక్తసరిగా తలూపి, ఆ అమ్మాయి బల్ల పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. మెడలో ఏముందో, వేళ్ళకి ఏం రంగుందో అన్నీ చూసేసింది, చూడనట్టే.

పని మొదలుపెట్టి కాసేపయిందో లేదో, ఆసిఫ్ తన బల్ల దగ్గర్నుంచి తెరలోకి చూస్తూనే, "మనం టీ తాగుదామా?" అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి కుర్చీల్లోంచి లేచారు.

సుల్తానా కాళ్ళు వాటంతట అవే లేచాయి, ఏళ్ళ అలవాటు. పక్కకి చూస్తే సాయిప్రియ కూడా లేచి, చేతిలో పని వదిలేసి, తడబడుతూ నిలబడి ఉంది. ఆ మాట తనదనుకుంది సుల్తానా ఇన్నేళ్ళూ. చాకిరీ మాటే అయినా తనొక్కదానికే చెందిన మాట అనుకుంది. దాన్ని పట్టుకొచ్చి ఇక్కడ ఇంకో ఆడపిల్లకి కూడా పంచుతున్నాడు. నవ్వొచ్చే సంగతే గాని ఆమెకి నవ్వు రాలేదు, కళ్ళు మండాయి. నెమ్మదిగా కూర్చుండిపోయింది. సాయిప్రియ వెళ్ళి గ్యాస్ వెలిగించి అందరికీ టీ పెట్టుకొచ్చింది. ఆఫీసులో మగవాళ్ళెవరికీ ఆ గ్యాస్ ఎటు తిప్పాలో తెలియదని, టిఫిన్లు తెప్పించేదీ, మీటింగులో చెప్పినవి రాసుకునేదీ, పుట్టినరోజులకి కేకు కొనుక్కొచ్చేదీ కూడా ఆ అమ్మాయేనని సుల్తానాకి ఆ పూటలోనే తెలిసిపోయింది. ఆసిఫ్ చెప్పిన మెచ్చుకోళ్ళలో ఇవేవీ లేవు.

జుమ్మా నమాజుకి ఆసిఫ్ వెళ్ళాడు. మిగతావాళ్ళు భోజనాలకి కిందికి దిగారు. ఇద్దరే మిగిలారు. సాయిప్రియ డబ్బా తెరిచి, దానిమ్మ గింజల పెరుగన్నం సగం మూతలోకి తీసి సుల్తానా ముందు పెట్టింది. ఆ గింజలు చూస్తే సుల్తానాకి నోటి దాకా ఏదో వచ్చింది, మింగేసింది.

"అక్కా, ఒకటి చెప్పనా," అంది సాయిప్రియ. "ఆ బిల్లింగ్ నేను రాయలేదు. ఒక్క లైను మార్చానంతే. సేవ్ చేశాక అన్నీ నా పేరు మీదకొచ్చేశాయి. భయమేసి అప్పుడే ఆసిఫ్ సార్‌కి చెప్పాను. ఉండనీ, మనకి మంచిదేగా అన్నారు."

సుల్తానా నమ్మలేదు. నమ్మకూడదని అనుకుంది కూడా. తప్పు బయటపడుతుందని ముందే చేతులు కడుక్కుంటోంది పిల్ల అనుకుంది. ఇన్ని నెలల కుళ్ళు అంత తేలిగ్గా వదులుతుందా. ఈ పిల్లకి ఎదురుగా చూపించాలి, ఏ లైన్ల మీద కూర్చుని ఊరేగుతోందో, వాటి కింద ఎవరున్నారో. దానికి గిట్‌లో దారి ఉంది. ఫలానా మార్పుని లెక్కలోకి తీసుకోవద్దు, అది ఉత్త లైను చివరల మార్పు, దాని కిందున్న పేరు చూపించు అని చెప్పొచ్చు. సుల్తానా ఆ దాటవేత పెట్టింది. "ఇలా రా," అంది సాయిప్రియని. "ఇదెవరు రాశారో నీ కళ్ళతో నువ్వే చూడు." ఆ మాట అంటుంటే గొంతులో తీపి ఊరింది. ఎంటర్ నొక్కింది.

సాయిప్రియ పేరు తెర మీంచి తుడిచిపెట్టుకుపోయింది. దాని కిందనుంచి పేర్లు పైకొచ్చాయి. ఆసిఫ్, ఆసిఫ్, ఆసిఫ్. అక్కడక్కడా, ఈమధ్య దిద్దిన చోట్ల మాత్రం, సుల్తానా.

"ఇదంతా సార్ రాశారా అక్కా?" అంది సాయిప్రియ అమాయకంగా. ఒక్క క్షణం ఆగి, "కాదేమో. పోయిన వారం కొసరు అంటే ఏంటి సార్ అని అడిగితే, ఏదో పాత మాట, ఎవరు పెట్టారో, తీసెయ్ అన్నారు. నాకు తీయబుద్ధి కాలేదు," అంది.

సుల్తానాకి గుర్తొచ్చింది. అప్పుడు కడుపులో ఆసియా ఉంది. ఇంట్లో ఒక్కటే లాప్‌టాప్. రాత్రంతా దిండు మీద పెట్టుకుని ఆమె రాసేది, పొద్దున్నే అతను సంచీలో పెట్టుకుని తెనాలి తీసుకెళ్ళేవాడు. ఆ లాప్‌టాప్‌లో గిట్‌కి చెప్పిన పేరు అతనిది. ఒకసారి పెడితే ఆ యంత్రం మీద ఎవరు రాసినా ఆ పేరే పడుతుంది. నా పేరు కూడా పెట్టనా అని ఆమె అడిగింది. "ఒకే ఇంట్లో రెండు పేర్లెందుకే, మనదేగా," అన్నాడు అతను. ఆ మాటకి తను సిగ్గుపడి నవ్వింది. అది గుర్తొచ్చి ఇప్పుడు సుల్తానాకి ఏడుపు ముంచుకొచ్చింది. అతను తన పేరు వేసుకున్నందుకు కూడా కాదు, ఆనాడు తను నవ్వినందుకు.

ఇన్నాళ్ళూ పై పొర మీద కూర్చున్న పిల్లని చూసి కడుపు మండించుకుంది. ఆ పిల్ల ఒక్క తప్పు సేవ్ చేసి ఆమెని కప్పింది, అడగకుండానే ఒప్పుకుంది. కింద ఉన్నవాడు ఏళ్ళ తరబడి కప్పాడు, పక్కనే పడుకున్నాడు. సాయిప్రియ మార్పుని దాటెయ్యమంటే గిట్ దాటేసింది. ఆసిఫ్‌ని దాటెయ్యమంటే చూపించడానికి కింద ఇంకెవరూ లేరు. ఆ లైన్లు పుట్టిందే అతని పేరుతో. కళ్ళు తుడుచుకుని, మూతలో ఉన్న పెరుగన్నం తినేసింది సుల్తానా. గింజలు బాగున్నాయి. "రోజూ ఇవి ఎవరు ఒలుస్తారు?" అని అడిగింది. మా అమ్మ అంది సాయిప్రియ, కాస్త సిగ్గుపడుతూ.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆసిఫ్, అతని వెనకే రావుగారు వచ్చారు. రావుగారు అయిందామ్మా అని అడిగి, పేర్లు సరిగ్గా పడ్డాక లీడ్ సంగతి ఈ సాయంత్రమే తేల్చేస్తానని చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయాడు. టోపీ తీసి జేబులో పెట్టుకుంటూ ఆసిఫ్ వచ్చి సుల్తానా కుర్చీ వెనక నిలబడ్డాడు. తెర నిండా తన పేరే. అతనికి ఆశ్చర్యం కలగలేదు. అతనికి ఆశ్చర్యం కలగలేదన్న సంగతి తెర అద్దంలో అతని మొహం చూసి సుల్తానా గ్రహించింది.

"అది అప్పుడు మనం రాసిందేగా," అన్నాడు మెల్లగా.

"మనం అంటే ఎవరండీ?"

ఆమె గొంతు పెంచలేదు. పక్కన సాయిప్రియ తల వంచుకుంది. ఆసిఫ్ రావుగారి గది వైపు ఒకసారి చూసి, "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు. ఇంటికెళితే టీ పెట్టాక మాట్లాడుకోవాలి. సుల్తానా తెర వైపు తిరిగింది.

ఇక మిగిలింది సర్దడమే. ముందు ఆ నియమం రాసింది, ఇకమీదట ఎవరు ఎక్కణ్ణుంచి రాసినా లైను చివర ఒకటే గుర్తు. తర్వాత ఉన్న ఫైళ్ళన్నిటికీ ఆ ఒక్క గుర్తే ఉండేలా మార్చాలి. ఆ మార్పు ఎవరు చేస్తే వాళ్ళ పేరు ప్రతి లైను పక్కనా పడుతుంది. అలా పడకూడదనే, మర్యాదగల వాళ్ళు తమ మార్పుని కూడా దాటవేతలో పెడతారు, కింద అసలు రాసిన వాళ్ళు కనిపించాలని. పెట్టకపోతే ఊరంతా సుల్తానానే. ఆసిఫ్ లైన్లూ, సాయిప్రియ ఒళ్ళు వంచి రాసిన సరుకు వాపసు లెక్కల లైన్లూ, అన్నీ ఆమెవే. పొద్దున రైలెక్కేటప్పుడు ఆ ఆలోచన ఆమెకి వచ్చింది. నిజం చెప్పాలంటే దాన్ని నెమరువేసుకుంటూనే తెనాలి దాకా వచ్చింది. ఆ పిల్ల పేరు ఒక్క లైను పక్కన కూడా లేకుండా చేసి, ఎలా ఉంటుందో రుచి చూడమనాలని. ఇప్పుడు పక్కన కూర్చున్న పిల్ల గోళ్ళ సందున టీపొడి కనిపించింది. ఆ రుచి ఆ పిల్లకి ముందే తెలుసు.

సుల్తానా పనిని రెండుగా విడదీసింది. ఒక కమిట్‌లో, అంటే పేరుతో గిట్‌కి ఎక్కించే ఒక మార్పులో, మిగతా అందరి ఫైళ్ళూ పెట్టింది. దాన్ని దాటవేతలో చేర్చింది. సాయిప్రియ వాపసు లైన్లు తెరిస్తే సాయిప్రియ పేరే వస్తుంది, చిల్లర దిద్దిన ఆ ఒక్క లైను కూడా మళ్ళీ ఆ పిల్ల పేరున పడేలా విడిగా పెట్టింది. రెండో కమిట్‌లో బిల్లింగ్ ఫైళ్ళు మాత్రమే ఉన్నాయి. దాన్ని దాటవేతలో చేర్చలేదు.

"దీన్ని కూడా చేర్చాలిగా," అన్నాడు ఆసిఫ్ వెనక నుంచి. అతనికి పని తెలుసు.

"అక్కర్లేదండీ," అంది.

కమిట్ చేసేముందు ఏం చేశామో ఒక మాట రాయాలి. ఎప్పుడూ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసేది. ఈసారి తెలుగులో రాసింది, అందరూ చదువుకునేలా. రావుగారు సాయంత్రం పేర్లు చూస్తాడు, పేరు పక్కనే ఈ మాట ఉంటుంది. రాసి, ఒకసారి చదువుకుని, ఎంటర్ నొక్కింది.

"లైను చివరలు సరిచేసింది నేనే. లైన్లు రాసిందీ నేనే."